పాయింటుకు పోయే వైరు, పాయింటు నుంచి వచ్చే వైరు



బల్ల మీద నడిపే చిన్న రైళ్లను చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లు ఇంజను వెంట పరుగెడతాయి. నా కళ్లు మాత్రం పాయింటు దగ్గర ఆగిపోతాయి. ఒక లైను రెండుగా చీలే చోటు అది. మొనదేలిన రెండు పట్టాలు ఒక అడ్డకడ్డీకి బిగించి ఉంటాయి. ఆ కడ్డీ ఇటు జరిగితే బండి తిన్నగా పోతుంది, అటు జరిగితే పక్క లైనులోకి తిరుగుతుంది. బ్రిటన్‌లో ఎక్కువమంది ఇళ్లల్లో కనిపించేది డబుల్ ఓ స్కేలు. అసలు రైలును 76వ వంతుకు తగ్గించి, 16.5 మిల్లీమీటర్ల ఎడంగా పరిచిన పట్టాల మీద నడుపుతారు. ఆ కొలతలో పాయింటు కడ్డీ జరగవలసింది కొద్ది మిల్లీమీటర్లే. ఆ కొద్దిపాటి కదలికను గదికి అటు చివర కూర్చుని, కరెంటుతో, ప్రతిసారీ తప్పకుండా చేయించడానికి వైర్లు ఎలా వేసుకోవాలో ఇవాళ చెప్పుకుందాం. రేడియోలో బొమ్మ గీసి చూపే వీలు లేదు కనుక వైర్లను లెక్కపెట్టి చెబుతాను. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఈ వ్యాపకంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే: అనలాగా, డిజిటలా? అనలాగ్ పద్ధతిలో పట్టాలకు ఇచ్చే వోల్టేజి పెంచితే ఇంజను వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. ఆ పట్టా మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ కదులుతాయి. డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో పూర్తి వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. ఏ ఇంజను ఏం చేయాలో చెప్పే సందేశం ఆ కరెంటులోనే కలిసి పోతుంది. జర్మనీలో లెంజ్ కంపెనీ తయారుచేసిన ఈ పద్ధతిని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో ప్రమాణంగా తీసుకుంది. డిజిటల్ కమాండ్ కంట్రోల్ అని దాని పేరు. అందరూ డీసీసీ అంటారు. ఇదంతా ఇంజన్ల సంగతి. పాయింటు దగ్గరకు వచ్చేసరికి ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది: మీ పాయింటు కింద ఉన్న మోటారు ఏ రకానిది? దాని ఆకలి ఎంతో తెలియకుండా వైరు కొనకూడదు.

మొదటి రకం రెండు కాయిళ్ల మోటారు. బ్రిటన్‌లో పీకో, సీప్ మోటార్లు ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్నాయి. పేరుకు మోటారే గానీ ఇందులో తిరిగేదేమీ ఉండదు. పక్కపక్కన రెండు రాగితీగ చుట్టలు, వాటి నడుమ అటూ ఇటూ జారే ఇనుప కడ్డీ. ఏ చుట్టకు కరెంటిస్తే అది కడ్డీని తనవైపు లాగుతుంది. చుట్ట నిరోధం నాలుగు ఓముల ప్రాంతంలో ఉంటుంది. దానికి 16 వోల్టులు తగిలిస్తే మూడు నాలుగు ఆంపియర్ల కరెంటు దూకుతుంది. అంత కరెంటు సెకనులో ఏ పదో వంతు సేపో ఉంటే చాలు, పాయింటు టక్కున మారుతుంది. అదే కరెంటు కొద్ది సెకన్లు నిలిచిందంటే తీగ మీది పూత కాలి, చుట్ట పనికిరాకుండా పోతుంది. అందుకే దీనికి నొక్కినప్పుడే కలిసి, వదలగానే మధ్యకు తిరిగొచ్చే స్విచ్చి వాడాలి. వైర్లు మూడు: ఎడమ చుట్టకు ఒకటి, కుడి చుట్టకు ఒకటి, రెండు చుట్టల రెండో కొసలూ కలిపి తిరుగుదారికి ఒకటి.

ఈ మోటారు వాడేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌కూ స్విచ్చికీ నడుమ తప్పకుండా ఉండవలసిన సాధనం ఒకటుంది, కెపాసిటర్ డిశ్చార్జ్ యూనిట్. సీడీయూ అంటారు. 16 వోల్టుల ఏసీని డయోడ్లతో డీసీగా మారిస్తే కెపాసిటర్ సుమారు 21 వోల్టుల దాకా నిండుతుంది. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో అప్పుడు దాగి ఉండే శక్తి దాదాపు ఒక జౌలు. వంద గ్రాముల బరువును మీటరు ఎత్తుకు లేపడానికి సరిపోయేంత. స్విచ్చి నొక్కగానే ఆ శక్తంతా ఒక్క దెబ్బలో చుట్టలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా సరే, దెబ్బ బలంగా ఉంటుంది. ఇంకో మేలు, నా దృష్టిలో ఇదే పెద్ద మేలు: స్విచ్చి ఇరుక్కుపోయినా కెపాసిటర్ ఒకసారి ఖాళీ అయ్యాక చుట్టకు అందేది సన్నని కరెంటే కనుక చుట్ట కాలదు. పిల్లలు చేయి పెట్టే లేఅవుటుకు, అంటే బల్ల మీది పట్టాల అమరికకు, సీడీయూ లేకుండా కాయిల్ మోటారు బిగించవద్దనే చెబుతాను.

సీడీయూ పెట్టినా పాయింటు సగంలో ఆగిపోతోందంటే చాలాసార్లు లోపం వైరు లావులో ఉంటుంది. ఏడు పోగుల సన్న వైరు, అంటే 0.22 స్క్వేర్ ఎంఎం వైరు, మీటరుకు 0.08 ఓము నిరోధం చూపుతుంది. పోనూ రానూ పది మీటర్లయితే 0.8 ఓము. నాలుగు ఓముల చుట్ట ముందు అది తక్కువేమీ కాదు, వోల్టేజిలో ఆరో వంతు దారిలోనే ఖర్చయిపోతుంది. 16 పోగుల 0.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే ఆ నష్టం సగానికన్నా తగ్గుతుంది. అన్ని పాయింట్లకూ ఉమ్మడిగా వేసే తిరుగుదారి వైరు ఇంకా లావుగా ఉండాలి.

రెండో రకం నెమ్మదిగా కదిలే మోటారు. అమెరికాలోని సర్క్యుట్రాన్ కంపెనీ టార్టాయిస్, డీసీసీ కాన్సెప్ట్స్ వారి కోబాల్ట్ ఈ కోవలోవి. ఇందులో నిజంగానే ఒక చిన్న డీసీ మోటారు, దాని వెనక గేర్లు ఉంటాయి. 12 వోల్టుల డీసీ ఇస్తే రెండు మూడు సెకన్లు తీసుకుని, అసలు పాయింటు కదిలినట్టే నింపాదిగా కదులుతుంది. కొసకు చేరాక మోటారు తిరగలేక నిలబడిపోతుంది, కరెంటు మాత్రం ఇస్తూనే ఉండాలి. నిలబడి ఉన్నప్పుడు టార్టాయిస్ తీసుకునేది 16 మిల్లీ ఆంపియర్లు. ఇరవై పాయింట్లు రాత్రంతా అలా ఉన్నా మొత్తం 320 మిల్లీ ఆంపియర్లే. కాయిల్ మోటారు ఒక్క తన్నుకు లాగే కరెంటులో ఇది పదో వంతు. అందుకని సన్న వైరే సరిపోతుంది, వైర్లు కూడా రెండే. ప్లస్, మైనస్ తారుమారు చేస్తే దిశ మారుతుంది. ఆరు కాళ్ల డబుల్ పోల్ డబుల్ త్రో స్విచ్చి తీసుకుని మధ్య రెండు కాళ్లను మోటారుకు, ఒక చివరి రెండు కాళ్లను 12 వోల్టుల సప్లైకి కలపాలి. ఆ చివరి కాళ్ల నుంచి రెండో చివరి కాళ్లకు వైర్లను అడ్డంగా మార్చి కలిపితే పని అయిపోయింది. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు రెండింటిని ఎదురు దిశల్లో సమాంతరంగా కలిపి, ఆ జంటను మోటారు వైరులోనే వరుసలో పెడితే స్విచ్చీల ప్యానెల్ మీద దీపం కూడా వచ్చేస్తుంది. 16 మిల్లీ ఆంపియర్లు ఎల్‌ఈడీకి సరిగ్గా నప్పే కరెంటు. వేరే రెసిస్టర్ అక్కర్లేదు. నాకు ఎంతో నచ్చిన సర్క్యూటు ఇది. దీని మీద ఒక అభ్యంతరం కూడా ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

మూడోది సర్వో మోటారు. తెలుగునాట ఈ వ్యాపకం మొదలుపెట్టేవారికి అందుబాటులో ఉన్నది ఇదే. టార్టాయిస్ కావాలంటే విదేశం నుంచి తెప్పించుకోవాలి. తొమ్మిది గ్రాముల సర్వో హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో దొరుకుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు రోబోలకు వాడేది అదే. వైర్లు మూడు: ఐదు వోల్టులు, నేల, సంకేతం. సెకనుకు 50 సార్లు పంపే చిన్న పల్సు ఒక మిల్లీసెకను ఉంటే సర్వో ఒక పక్కకు, రెండు మిల్లీసెకన్లుంటే రెండో పక్కకు తిరుగుతుంది. పల్సులు పుట్టించడానికి ఆర్డువినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు చాలు. సంకేతపు వైరు పొడుగైతే సర్వో వణుకుతుంది కాబట్టి ఆర్డువినోను పాయింట్ల దగ్గరే పెట్టి, స్విచ్చీల వైర్లను పొడుగ్గా లాక్కోవాలి.

ఇక డిజిటల్ సంగతి. డీసీసీ కరెంటు ధ్రువం సెకనుకు కొన్ని వేల సార్లు తారుమారవుతూ ఉంటుంది. ఒక్కొక్క సగం 58 మైక్రోసెకన్లుంటే అది ఒకటి, 100 మైక్రోసెకన్లుంటే సున్నా. ఈ ఒకట్లు, సున్నాల వరుసను చదివి పాయింటు మోటారును కదిలించే పెట్టెను యాక్సెసరీ డీకోడర్ అంటారు. పాయింట్ల సందేశం మొదలయ్యే తీరే వేరు కాబట్టి ఐదో నంబరు ఇంజను, ఐదో నంబరు పాయింటు ఒకే లేఅవుటులో ఉన్నా తికమక రాదు. మొత్తం 2044 పాయింట్లకు నంబర్లు ఇవ్వొచ్చు. ఇంట్లో అన్ని ఎవరికీ అవసరం రావు. చాలా డీకోడర్లకు నంబరు నేర్పడం కూడా తేలికే: పెట్టె మీది బొత్తాం నొక్కిపట్టి, చేతిలోని కంట్రోలర్ నుంచి ఆ నంబరు పాయింటును ఒకసారి మారిస్తే చాలు. ఒక కంపెనీ కంట్రోలర్, ఇంకో కంపెనీ డీకోడర్ కలిపినప్పుడు ఒకటో పాయింటు అంటే ఐదోది కదిలితే కంగారు పడవద్దు. కొన్ని కంట్రోలర్లు నాలుగు అంకెల తేడాతో లెక్కపెడతాయి.

డీకోడర్‌కు కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటామన్నదే అసలు విషయం. పట్టాలకు పోయే రెండు వైర్లు కిందే ఉన్నాయి కదా అని డీకోడర్‌ను వాటికే తగిలిస్తారు. పెట్టె మీది సూచనల్లో కూడా అలా కలపొచ్చనే ఉంటుంది. అది పనిచేస్తుంది, ఇబ్బంది వచ్చేదాకా. ఒక ఇంజను తాను వస్తున్న దారికి కాక రెండో దారికి తిరిగి ఉన్న పాయింటులోకి వెళ్లిందనుకోండి. చక్రం రెండు వేర్వేరు ధ్రువాల పట్టాలను కలిపేస్తుంది. షార్ట్ అవుతుంది. పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టర్ వెంటనే దాన్ని ఆపేస్తుంది. ఇప్పుడు ఆ పాయింటును మార్చితే షార్ట్ పోతుంది, కానీ మార్చమని చెప్పే సందేశం పోవలసిన వైరులోనే కరెంటు లేదు. ఇంజనును చేత్తో ఎత్తడం తప్ప దారి ఉండదు. దీనికి విరుగుడు పాయింట్లకు వేరే రెండు వైర్ల లైను. సందేశాలు పుట్టించే కమాండ్ స్టేషన్ నుంచి బయటికొచ్చిన కరెంటును రెండుగా చీల్చాలి. ఒకటి నేరుగా డీకోడర్లకు పోవాలి. రెండోది బూస్టర్ కన్నా ముందుగా తెగే సర్క్యూట్ బ్రేకర్ గుండా పట్టాలకు పోవాలి. పట్టాల మీద షార్ట్ అయితే బ్రేకర్ ఒక్కటే తెగుతుంది, పాయింట్లకు మాట అందుతూనే ఉంటుంది. కాయిల్ మోటార్లను నడిపే డీకోడర్లయితే సందేశం మాత్రమే డీసీసీ నుంచి తీసుకుని, బలం వేరే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసుకునేవి కొనండి. అనలాగ్‌లో కూడా ఇదే నియమం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌తో రైలునూ పాయింటునూ నడిపితే పాయింటు మారిన ప్రతిసారీ బండి కుదుపుతుంది.

అనలాగ్‌లో మేలు చేసిన పాయింటే డిజిటల్‌లో ఇబ్బంది పెట్టే సందర్భం ఒకటుంది. రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే వీ ఆకారపు ముక్కను ఫ్రాగ్ అంటారు. ఫ్రాగ్ ప్లాస్టిక్‌తో ఉంటే చిన్న ఇంజన్లు దాని మీద ఆగిపోతాయి. లోహంతో ఉంటే సాఫీగా దాటుతాయి గానీ, పాయింటు తిరిగిన దిక్కును బట్టి ఫ్రాగ్ ధ్రువం కూడా మారాలి. పాత పద్ధతి లోహపు ఫ్రాగ్ పాయింట్లలో మొనపట్టా పక్క పట్టాను తాకి ఆ కరెంటును తనే మోసుకొస్తుంది. దానివల్ల పాయింటు ఏ దారికి తిరిగి ఉందో ఆ దారికే కరెంటు పోతుంది, రెండో దారి నిద్రపోతుంది. అనలాగ్‌లో ఇది వరం. బండ్లు నిలిపే పక్క లైను, అంటే సైడింగ్‌లో ఒక ఇంజనును నిలిపి, పాయింటు మార్చేసి, ఇంకో ఇంజనును మెయిన్ లైనులో నడుపుకోవచ్చు. డిజిటల్‌లో సైడింగ్‌లో నిలిచిన ఇంజనుకు కూడా దీపం వెలగాలి, చప్పుడు వినపడాలి, కంట్రోలర్ మాట అందాలి. కనుక ఇక్కడ ప్రతి దారికీ కరెంటు విడిగా ఇవ్వాలి. మొనపట్టాలను వాటి పక్కనే ఉన్న పట్టాలకు శాశ్వతంగా వైరుతో కలపాలి. ఫ్రాగ్‌ను మొనపట్టాల నుంచి తెంపి, దానికి మోటారుతో పాటే మారే స్విచ్చి ద్వారా కరెంటు ఇవ్వాలి. ఫ్రాగ్ వైరు ఆ స్విచ్చి మధ్య కాలికి, రెండు బయటి పట్టాల వైర్లు రెండు పక్క కాళ్లకు. ఫ్రాగ్ దాటాక లోపలి పట్టాలకు ప్లాస్టిక్ జోడింపులు పెట్టడం మరిచిపోకూడదు. ఒకసారి ఇలా చేసిన పాయింటు అనలాగ్‌లోనూ హాయిగా పనిచేస్తుంది. సైడింగ్‌కు ఒక ఆన్ ఆఫ్ స్విచ్చి అదనంగా పెట్టుకోవాలి, అంతే. ఇవాళ అనలాగ్‌తో మొదలుపెట్టి రేపు డిజిటల్‌కు మారాలనుకునేవారు పట్టాలు అతికించకముందే ఈ పని చేసుకోవాలి. అతికించాక చేయడం నరకం.

ఇంతసేపూ పాయింటుకు పోయే వైరు గురించి చెప్పాను. పాయింటు నుంచి వచ్చే వైరు ఇంకా ముఖ్యం. ఇందాకటి అభ్యంతరం అదే. స్విచ్చి పక్కన వెలిగే ఎల్‌ఈడీ మనం ఇచ్చిన ఆజ్ఞను చూపిస్తుంది. పాయింటు నిజంగా తిరిగిందా అన్నది దానికి తెలియదు. అసలు రైల్వేలో ఈ రెండింటి నడుమ గోడ కట్టి పెట్టారు. మన స్టేషన్లలోని పాయింట్ మెషిన్ 110 వోల్టుల డీసీ మీద పనిచేస్తుంది. మోటారు తిరిగినంత మాత్రాన సిగ్నల్ రాదు. మొనపట్టా పక్క పట్టాకు ఆనిందని, లాకు పడిందని డిటెక్షన్ సర్క్యూటు కబురు పంపాకే పచ్చదీపానికి వీలుంటుంది. సికింద్రాబాద్‌లో 1957 నుంచి నడుస్తున్న రైల్వే సిగ్నల్ శిక్షణ సంస్థ ఇరిసెట్‌లో సిగ్నల్ ఇంజనీర్లు నేర్చుకునేది ఈ విద్యే.

ఆ కబురు అబద్ధమైతే ఏమవుతుందో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్ దగ్గర చూశాం. షాలిమార్ నుంచి చెన్నైకి, మన కోస్తా జిల్లాల మీదుగా రావలసిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ పచ్చగా ఉంది. పాయింటు మాత్రం గూడ్సు బండి నిలిచి ఉన్న లూప్ లైనుకు తిరిగి ఉంది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. సిగ్నల్ సర్క్యూట్లలో చేసిన మార్పుల్లోని లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు తేల్చింది. లైను పక్కన వైర్లు కలిపే లొకేషన్ బాక్సులో వైర్ల పేర్లు తప్పుగా రాసి ఉన్నా ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదని కూడా చెప్పింది. బల్ల మీది ఆటను ఆ విషాదంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. పాయింటు వైర్లు ముట్టుకునే ఎవరికైనా ఆ నివేదికలోని మాటలు గుర్తుండాలని నా కోరిక.

డీసీసీలో ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మామూలు యాక్సెసరీ డీకోడర్‌కు వినడమే తెలుసు, తిరిగి చెప్పడం తెలియదు. కంప్యూటర్ తెర మీద కనిపించేది చివరగా పంపిన ఆజ్ఞే. ఎవరైనా పాయింటును వేలితో తిప్పితే తెరకు తెలియదు. స్థితి తెలియాలంటే లోకోనెట్, ఎస్88 లాంటి వేరే లైను మీద కబురు తెప్పించుకోవాలి. జేఎంఆర్‌ఐ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ కబురును తెర మీదికి ఎక్కిస్తుంది.

ఒక బొత్తాంతో నాలుగైదు పాయింట్లను కలిపి మార్చి దారి ఏర్పరచడానికి డిజిటల్ ఉండి తీరాలని అనుకుంటారు. కాయిల్ మోటార్లకు ఆ పని డయోడ్లే చేస్తాయి. ఒక్కో దారికి ఒక్కో బొత్తాం, ఆ బొత్తాం నుంచి కావలసిన చుట్టలకు ఒక్కో డయోడ్. కరెంటు వెనక్కి పారి వేరే దారిని కదిలించకుండా డయోడ్ అడ్డుపడుతుంది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ విద్యార్థులు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ రిలేలతో తమ లేఅవుటుకు కంట్రోల్ వ్యవస్థ కట్టారు. బల్ల కింద వైర్లతో కుస్తీ పట్టిన ఆ పిల్లల్లో కొందరు తర్వాత టీఎక్స్-0, పీడీపీ-1 కంప్యూటర్ల మీద తొలితరం ప్రోగ్రామర్లయ్యారు. స్టీవెన్ లెవీ 1984లో ప్రచురించిన హ్యాకర్స్ పుస్తకంలో ఆ కథ ఉంది. ఆసక్తి ఉన్న విద్యార్థులు వెతికి చదవండి.

ఇంట్లో ఒక బల్ల, ఎనిమిదో పదో పాయింట్లు ఉన్నవారికి నా సలహా అడిగితే, ఇంజన్లను డిజిటల్‌తో నడపండి, పాయింట్లను ప్యానెల్ మీది స్విచ్చీలతో నడపండి అంటాను. బండి దగ్గరకొస్తుంటే కంట్రోలర్‌లో పాయింటు నంబరు నొక్కి, దిక్కు ఎంచుకునేలోపు చెయ్యి స్విచ్చిని ఎప్పుడో చేరుకుంటుంది. లేఅవుటు గది నాలుగు గోడల చుట్టూ తిరిగేదయితే, లేదా ముక్కలుగా విడదీసి ప్రదర్శనలకు మోసుకెళ్లేదయితే లెక్క మారుతుంది. ముప్ఫై పాయింట్లకు మూడేసి వైర్లు లాగడం కన్నా రెండే వైర్ల డిజిటల్ లైను, పాయింట్ల దగ్గరే డీకోడర్లు మేలు. ఏ పద్ధతైనా వైరు రెండు చివర్లా ఒకే అంకె రాసిన కాగితపు తొడుగు తొడగండి. ఆ అంకెలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించండి. మార్పు చేసిన రోజే పుస్తకంలో దిద్దండి.

చివరగా ఒక పరీక్ష. మన రైల్వేల్లో మొనపట్టాకూ పక్క పట్టాకూ నడుమ ఐదు మిల్లీమీటర్ల మందం ముక్క పెట్టి పాయింట్ మెషిన్‌ను తిప్పుతారు. పాయింటు లాకు పడకూడదు, డిటెక్షన్ రాకూడదు. మీ బల్ల మీది పాయింటులో అదే చోట అగ్గిపుల్ల పెట్టి స్విచ్చి వేయండి. పాయింటు పూర్తిగా తిరగదు. అయినా ప్యానెల్ మీద దీపం వెలిగిందంటే, ఆ దీపం మోటారు కబురు చెబుతోందని అర్థం. నెమ్మది మోటారు లోపలి స్విచ్చి నుంచి దీపానికి వైరు తీసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే మోటారుకూ పాయింటుకూ నడుమ ఉన్న స్ప్రింగు తీగ వంగి మోటారును కొసదాకా పోనిస్తుంది. అప్పుడు అడ్డకడ్డీ రెండో చివర, రెండు పక్కలా ఒక్కొక్క మైక్రోస్విచ్చి బిగించి, దీపాల వైర్లను వాటికి మార్చండి. మళ్లీ అగ్గిపుల్ల పెట్టి చూడండి. రెండు దీపాలూ ఆరి ఉండాలి. పుల్ల తీసి స్విచ్చి అటూ ఇటూ వేయండి. పాయింటు ఆనిన వైపు దీపం ఒక్కటే వెలగాలి.